శుభలేఖ అట్టలతో రిటర్న్ గిఫ్ట్ ట్యాగ్‌లు: పేరు రాయడం నుంచి ముడి వేయడం దాకా

మా అక్క మనవరాలి బారసాలకి తాంబూలం సంచులు సర్దుతున్నప్పుడు, ఒక్కో సంచికీ ఒక ట్యాగ్ కట్టి దాని మీద తీసుకునేవాళ్ల పేరు చేత్తో రాద్దామని నేనే అన్నాను. మొత్తం 60 సంచులు. ఆ రోజు మా పెద్దమ్మ సంచి అందుకుని, లోపల జాకెట్టు ముక్క ఏ రంగుదో కూడా చూడకుండా ముందు ట్యాగ్ పట్టుకుని చదువుకుంది. "నా పేరు ఇంత బాగుంటుందా!" అని పక్కావిడకి చూపించింది. భోజనాలయ్యాక ఆ ట్యాగ్ విప్పి పర్సులో దాచుకుంది.

అప్పటి నుంచి నేను ట్యాగ్ చేసే పద్ధతి మారిపోయింది. అంతకుముందు రంగు కాగితం, లేసు, కుందన్లు అన్నీ అతికించాక మిగిలిన కాస్త చోటులో పేరు ఇరికించేదాన్ని. ఇప్పుడు ముందు పేరుకి చోటు చూస్తాను. అలంకారం ఏదైనా దాని చుట్టూ సర్దుకోవాల్సిందే. ఇక్కడ చెప్పబోయేదంతా ఆ లెక్కలోనే ఉంటుంది. కొలతలన్నీ 5 సెం.మీ. వెడల్పు, 9 సెం.మీ. పొడవు ఉన్న ట్యాగ్‌కి. తాంబూలం సంచికైనా, స్వీట్ డబ్బాకైనా, ఆవకాయ సీసాకైనా ఆ సైజు చక్కగా సరిపోతుంది.

జాబితా తేలాకే కత్తెర

ఎన్ని కావాలో తేలకుండా పని మొదలుపెట్టొద్దు. ఇంటికి ఒక సంచా, మనిషికి ఒకటా అన్నది ముందు అనుకోవాలి. గృహప్రవేశానికైతే సాధారణంగా ఇంటికొకటి ఇస్తాం, సీమంతానికీ బారసాలకీ వచ్చిన ముత్తైదువలందరికీ తలా ఒకటి ఇస్తాం. ఆ లెక్క తేలాక పేర్లు కాగితం మీద తెలుగులో రాసుకోండి. ఫోన్లో ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న పేరు చూసి రాస్తే దీర్ఘాలూ ఒత్తులూ తప్పుతాయి. శ, ష, స దగ్గర మరీ జాగ్రత్త. శిరీష అన్న ఒక్క పేరులోనే మొదట శ, చివర ష ఉన్నాయి. చేత్తో రాసిన ట్యాగ్ మీద సొంత పేరే తప్పుగా కనిపిస్తే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. రాసిన జాబితాని ఇంట్లో పెద్దవాళ్లకి ఒకసారి చూపించండి. చదివి వినిపిస్తే చాలదు, వినడంలో ఈ తేడాలు దొరకవు.

ఒకే పేరు ఇద్దరికి ఉంటే ఊరి పేరు కలపండి. మా బంధువుల్లో ఇద్దరు సుబ్బలక్ష్ములు ఉన్నారు, అందుకని ఒకరిది "ఏలూరు సుబ్బలక్ష్మి పిన్నికి" అని రాశాను. ఇంట్లో ఆమెని పిలుచుకునేదీ అలాగే.

పదికి ఒకటి చొప్పున అదనంగా వేసుకోండి. 60 కావాలంటే 66 కోయాలి. ఎ4 షీట్ 21 సెం.మీ. వెడల్పు, 29.7 సెం.మీ. పొడవు ఉంటుంది కాబట్టి అడ్డంగా నాలుగు, నిలువుగా మూడు, మొత్తం 12 ట్యాగ్‌లు వస్తాయి. 66కి ఆరు షీట్లు పడతాయి.

అట్ట ఎక్కడ దొరుకుతుంది

అన్నిటికంటే మంచి అట్ట మీ ఇంట్లోనే ఉంది. అటక మీదో, బీరువా అడుగు అరలోనో పాత శుభలేఖల కట్ట లేని ఇల్లు అరుదు. మందంగా ఉంటాయి, రంగు దిట్టంగా ఉంటుంది, బంగారు రంగు లతలూ నెమళ్లూ అద్దిన డిజైన్లు ఉంటాయి. చాలావాటికి వెనకవైపు ఖాళీయే. అలాంటివి 30 శుభలేఖలుంటే ఒక ఫంక్షన్ గట్టెక్కుతుంది.

వాటిని కోసేముందు మూడు సంగతులు చూసుకోవాలి.

మొదటిది, దేవుడి బొమ్మ. వినాయకుడి ప్రతిమ, కల్యాణ శ్లోకం ఉన్న భాగాన్ని ట్యాగ్‌కి వాడకండి. ట్యాగ్ ఎవరో ఒకరు చించి పడేస్తారు, అది కాళ్ల కింద పడుతుంది. మా ఇంట్లో ఆ ముక్కల్ని విడిగా కోసి, దేవుడి గదిలో పాత పటాల దగ్గర ఒక కవర్లో పెడతాం.

రెండోది, అది ఎవరి శుభలేఖ అన్నది. తన కూతురి పెళ్లి శుభలేఖని ముక్కలు చేసి తనకే ట్యాగ్‌గా కట్టి ఇచ్చారని ఏ తల్లికీ అనిపించకూడదు. డిజైన్ చూసి గుర్తుపట్టేస్తారు, ఎందుకంటే ఆ కార్డుని వాళ్లు పది దుకాణాలు తిరిగి ఎంచుకుని ఉంటారు. పిలవబోయే ఇళ్ల శుభలేఖల్ని కట్టలోంచి ముందే తీసి పక్కన పెట్టండి. పేర్లు, ముహూర్తం అచ్చువేసిన భాగం ఎవరిదైనా సరే వాడొద్దు.

మూడోది పసుపు. శుభలేఖ మూలలకి పూసిన పసుపు ముచ్చటగానే ఉంటుంది, ఉంచేద్దామనిపిస్తుంది. కానీ పసుపు రంగు ఎండకి వెలిసిపోతుంది, తడి తగిలితే పక్కకి అంటుకుంటుంది. పైగా మనం కట్టేది తాంబూలానికి. పసుపులో సున్నం కలిస్తే పారాణి ఎర్రబడినట్టే, సున్నం అంటిన వేలు ఆ మూల మీద పడితే ఎర్రటి మరక లేస్తుంది. ఆ మూలలు కోసేయడమే మంచిది.

శుభలేఖలు లేకపోతే స్టేషనరీ షాపులో 250 నుంచి 300 జీఎస్‌ఎం ఉన్న అట్ట షీట్లు అడగండి. జీఎస్‌ఎం అంటే ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క. మామూలు జిరాక్స్ కాగితం 70, 80 ఉంటుంది, అది ట్యాగ్‌కి పనికిరాదు. స్కూలు చార్ట్ కూడా ఒక్క పొర చాలదు, రెండు పొరలు అతికించాలి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు ఛత్తా బజార్‌లో శుభలేఖలు అచ్చువేసే దుకాణాల దగ్గర, అమ్ముడుపోని పాత మోడల్ కార్డులు ఉన్నాయేమో అడిగి చూడొచ్చు. విజయవాడ, విశాఖ, వరంగల్, ఏ ఊళ్లోనైనా ప్రింటింగ్ ప్రెస్‌లో అట్టలు కత్తిరించగా మిగిలిన పేలికలు ఉంటాయి. మన ట్యాగ్ వెడల్పు 5 సెం.మీ. మాత్రమే కాబట్టి వాళ్లకి పనికిరాని ముక్క మనకి పనికొస్తుంది.

అట్ట సరిపోతుందో లేదో చూడటానికి ఒక ముక్క కోసి, అడుగు అంచు రెండు వేళ్లతో పట్టుకుని నిలబెట్టండి. నిటారుగా నిలబడితే మంచిది. తల వాల్చేస్తే పల్చన.

అచ్చు అట్ట, కిటికీ అట్ట

పాత కేలండర్ వెనక ఉండే గట్టి అట్టతో రెండు అచ్చులు చేసుకుంటే పని సగం తేలికవుతుంది.

ఒకటి ట్యాగ్ ఆకారం. 5 × 9 సెం.మీ. ముక్క కోసి, పై రెండు మూలల దగ్గర పక్కకి 1.2, కిందకి 1.2 సెం.మీ. గుర్తు పెట్టి ఏటవాలుగా కోసేయండి. పై అంచు 2.6 సెం.మీ. మిగులుతుంది. పై నుంచి 1.2 సెం.మీ. కిందకి, సరిగ్గా మధ్యలో దబ్బనంతో చిన్న బెజ్జం పెట్టండి. ప్రతి ట్యాగ్‌కీ రంధ్రం ఎక్కడ రావాలో ఆ బెజ్జంలోంచి పెన్సిల్‌తో చుక్క పెడితే సరి, మళ్లీ స్కేలు తీయక్కర్లేదు.

రెండోది దీనికి తిరగేసిన బొమ్మ. పెద్ద అట్ట మధ్యలో 5 × 9 సెం.మీ. ఖాళీ కోసి తీసేస్తే కిటికీ అవుతుంది. దాన్ని శుభలేఖ మీద అటూ ఇటూ జరిపి చూడండి. కార్డు మొత్తంగా చూసినప్పుడు హడావుడిగా అనిపించిన డిజైన్‌లో, కిటికీలోంచి చూస్తే ఒక మూలన నెమలి మెడ ఒంపు ఒక్కటే కనిపిస్తుంది, కిందంతా ఖాళీ మెరూన్ రంగు. ఆ ఖాళీలోనే పేరు వస్తుంది. నేను ఎక్కువసేపు కూర్చునేది ఈ కిటికీ దగ్గరే. ఒక్కో శుభలేఖలో రెండు మూడు చోట్లు దొరుకుతాయి. నచ్చిన చోట నాలుగు మూలలా పెన్సిల్ గుర్తులు పెట్టి వదిలేయండి, కోత అన్నీ అయ్యాక ఒకేసారి.

కోయడానికి కట్టర్, స్టీలు స్కేలు కావాలి. ప్లాస్టిక్ స్కేలైతే కట్టర్ దాని అంచునే చెక్కేస్తుంది. స్కేలుని ఎప్పుడూ ట్యాగ్ వైపు ఉంచండి, అప్పుడు కత్తి జారినా పాడయ్యేది పారేసే ముక్కే. ఒక్క దెబ్బకి తెగాలని గట్టిగా నొక్కొద్దు, తేలిగ్గా మూడుసార్లు గీస్తే అంచు నున్నగా వస్తుంది. అంచు పీచులు లేస్తుంటే బ్లేడు మొద్దుబారినట్టు. బ్లేడు మీద గీతలుంటాయి కదా, చివరి గీత దగ్గర పకడ్‌తో పట్టి విరిచేస్తే కొత్త మొన వస్తుంది. విరిగిన ముక్కని టేపు చుట్టి పారేయండి. ఏటవాలు మూలలు మాత్రం కత్తెరతోనే తేలిక. పిల్లలు సాయానికి వస్తే వాళ్లకి ఈ మూలలు అప్పగించండి, కట్టర్ వద్దు.

పుస్తకంలా మడిచే ట్యాగ్ కావాలంటే ఒక్క విషయం. కాగితానికి పీచు ఒక వైపుగా నడుస్తుంది. అట్టని రెండు దిక్కులా మెల్లగా వంచి చూస్తే ఒక దిక్కున తేలిగ్గా వంగుతుంది. మడత ఆ దిక్కునే రావాలి, లేకపోతే మడత మీద రంగు పగిలి తెల్లగా కనిపిస్తుంది. మడిచేముందు సిరా అయిపోయిన బాల్ పెన్నుతో స్కేలు పక్కన గట్టిగా ఒక గీటు గీయండి.

రంధ్రం

ఒంటి రంధ్రం పంచ్ చాలు. అది సుమారు 6 మి.మీ. రంధ్రం వేస్తుంది. పేరు రాయకముందే పంచ్ చేయాలి. రాశాక చేస్తే, ఎంత జాగ్రత్తపడినా ఏదో ఒక పేరులో గుడి మీదకి రంధ్రం పోతుంది.

బరువైన సంచికి కట్టేటట్టయితే రంధ్రం చుట్టూ బలం ఇవ్వాలి. రంగు కాగితంతో 1.5 సెం.మీ. గుండ్రటి బిళ్లలు కోసి, ట్యాగ్‌కి ముందూ వెనకా అతికించి, ఆరాక పంచ్ చేయండి. చూడ్డానికి బొట్టు పెట్టినట్టుంటుంది, దారం లాగినా అట్ట చిరగదు. ఐలెట్లు (రంధ్రం అంచుకి బిగించే లోహపు రింగులు) కూడా వేయొచ్చు గానీ వాటికి వేరే పనిముట్టు కొనాలి. 60 ట్యాగ్‌ల కోసం అది అవసరం లేదని నా అభిప్రాయం.

పేరు రాయడం

ట్యాగ్‌కి ప్రాణం ఇక్కడుంది, అందుకని కాస్త నిదానంగా చెబుతాను.

నెట్‌లో దొరికే ట్యాగ్ నమూనాలు చాలావరకు ఇంగ్లీషు పేర్ల కోసం గీసినవి. వాటిలో వరసల మధ్య దూరం మన అక్షరానికి చాలదు. తెలుగు అక్షరానికి పైన తలకట్టు, గుడి, ఏత్వం ఉంటాయి, కింద ఒత్తులుంటాయి. "రమ" అని రాస్తే పెద్ద ఇబ్బంది లేదు. "జ్యోత్స్న" రాసి చూడండి. జకి యావత్తు, తకి కింద సావత్తు, నావత్తు. ఆ పేరు కిందకి దిగినంతగా పక్కకి పోదు. ఇరుకు గీతల మధ్య రాస్తే ఒత్తులన్నీ నలిగిపోయి, పై వరస ఒత్తు కింది వరస గుడికి తగిలి, ఎవరి పేరో తెలియకుండా పోతుంది.

నేను వాడే లెక్క ఇది. అక్షరం ఒళ్లు 7 మి.మీ., పైన గుణింతానికి 4, కింద ఒత్తుకి 6. అంటే ఒక వరసకి 17 మి.మీ. ట్యాగ్ పొడవు 9 సెం.మీ. లో పైన రంధ్రానికి 2.2 సెం.మీ. పోతే, పేరుకి రెండు వరసలు 3.4 సెం.మీ., కింద అలంకారానికి మరో 3.4 సెం.మీ. మొదటి వరసలో పేరు, రెండో వరసలో "గారికి" అనో "అత్తయ్యకి" అనో వస్తుంది.

వెడల్పులో రెండు వైపులా 4 మి.మీ. అంచు వదిలితే 4.2 సెం.మీ. మిగులుతుంది, అక్షరానికి 7 మి.మీ. చొప్పున ఆరు అక్షరాలు పడతాయి. "కృష్ణవేణి"కి నాలుగే కావాలి, హాయిగా కూర్చుంటుంది. "వెంకటసుబ్బలక్ష్మి"కి ఏడు. అప్పుడు అక్షరాల్ని కుదించొద్దు, పేరుని ఎక్కడపడితే అక్కడ విరవొద్దు. ట్యాగ్‌ని అడ్డంగా తిప్పండి. రంధ్రం ఎడమవైపుకి వస్తుంది, పేరుకి 6.4 సెం.మీ. దొరుకుతుంది, తొమ్మిది అక్షరాలు పడతాయి.

పేరు మధ్యకి రావడానికి ముందు రఫ్ కాగితం మీద అదే సైజులో రాసి పొడవు కొలవండి. ట్యాగ్ మధ్య గీత నుంచి అందులో సగం దూరం ఎడమకి జరిగి మొదలుపెట్టండి. ట్యాగ్ మీద పెన్సిల్‌తో రెండే గీతలు, అక్షరం ఒంటికి పైనొకటి, కిందొకటి. రాసింది పూర్తిగా ఆరాక మెత్తటి రబ్బరుతో చెరిపేయండి. నల్ల కాగితం మీదైతే తెల్ల పెన్సిల్ వాడండి.

పెన్ను విషయానికొస్తే, లేత రంగు అట్ట మీద 0.7 జెల్ పెన్ను, మెరూన్ లాంటి ముదురు రంగుల మీద తెలుపు లేదా బంగారు రంగు జెల్ పెన్ను. కొన మొండిగా కోసినట్టుండే కాలిగ్రఫీ పెన్నులు చూసి మోజుపడతాం. అవి గీత పోయే దిక్కుని బట్టి సన్నం, లావు వేస్తాయి. మన అక్షరాలన్నీ గుండ్రాలే కాబట్టి ఒకే సున్నాలో మూడు మందాలు వచ్చి, చెయ్యి తిరగనివాళ్లకి వికారంగా కనిపిస్తుంది. గుండ్రటి కొన ఉన్న పెన్నుతో నిదానంగా రాసిన మామూలు దస్తూరీయే అందం. ఒత్తు మాత్రం అక్షరంలో సగం కంటే కాస్త పెద్దగా ఉండనివ్వండి. చిన్నదైతే పెద్దవాళ్లు కళ్లజోడు వెతుక్కోవాలి.

పెన్ను ఏదైనా, అదే అట్ట పారేసే ముక్క మీద ముందు రాసి చూడండి. గరుకు హ్యాండ్‌మేడ్ కాగితం మీద సిరా పాకుతుంది. నున్నటి మెరుపు శుభలేఖ మీద సిరా ఇంకదు, పైనే ఉండి ఆలస్యంగా ఆరుతుంది. ఈ రెండోది నాకు బాగా తెలుసు. ఆ బారసాల ట్యాగ్‌లు రాత్రి పదకొండింటి దాకా రాసి, నిద్ర ముంచుకొస్తుంటే అన్నీ ఒకదాని మీద ఒకటి దొంతరగా పెట్టి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే 14 ట్యాగ్‌ల మీద బంగారు సిరా పైదాని వీపుకి అంటుకుని పేర్లు అలికినట్టయిపోయాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి. అదనపు ట్యాగ్‌లు ఆరే ఉన్నాయి, మిగతా ఎనిమిదీ మళ్లీ కోసి రాయాల్సొచ్చింది. అందుకని మెరుపు అట్ట మీద రాసినవి రాత్రంతా విడివిడిగా ఆరనివ్వండి. పళ్లెంలోనో, పరిచిన న్యూస్‌పేపర్ మీదో ఒకదానికొకటి తగలకుండా పెట్టి, గదిలో ఫ్యాన్ తక్కువలో వేస్తే చాలు.

ఏం రాయాలి అంటే, చుట్టమైతే వరస పెట్టి పిలిచినట్టే రాయండి. "సుబ్బలక్ష్మి పిన్నికి", "రాజేశ్వరి వదినకి". స్నేహితులకీ ఇరుగుపొరుగు పెద్దవాళ్లకీ "గారికి". చిన్నపిల్లలకి పేరు ముందు "చి." పెడితే వాళ్ల అమ్మానాన్నలు మురిసిపోతారు. వెనకవైపు ఒకటే వరస, "మా పాప బారసాల సందర్భంగా, నమస్కారాలతో", దాని కింద తేదీ. అంతకంటే ఎక్కువ రాస్తే చదవరు.

ముగ్గు ట్యాగ్

ఇప్పుడు కింద మిగిలిన 3.4 సెం.మీ. సంగతి. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ముగ్గు. ఇటుక రంగు అట్ట మీద తెల్ల జెల్ పెన్నుతో వేస్తే, ఎర్రమట్టితో అలికిన అరుగు మీద పిండి ముగ్గు పెట్టినట్టే ఉంటుంది.

ఇంత చిన్న చోటుకి మూడు చుక్కలు, సందు చుక్క రెండు సరిపోతుంది. అంటే మధ్య వరసలో మూడు, పైన రెండు, కింద రెండు, మొత్తం ఏడు. చుక్కకీ చుక్కకీ మధ్య 1 సెం.మీ., వరసకీ వరసకీ మధ్య 9 మి.మీ. ఉంటే నడిమి చుక్కకి చుట్టూ ఉన్న ఆరు చుక్కలూ సమాన దూరంలో వస్తాయి. నడిమి చుక్క నుంచి ఒక్కో చుక్కకీ ఆకు ఆకారంలో రెండు వంపు గీతలు గీస్తే ఆరు రేకుల పువ్వు అవుతుంది. రేకు నడుమ సన్నని ఈనె గీయండి. రెండు రేకుల మధ్య సందులో, కొనల కంటే కాస్త లోపలికి ఒక్కో చుక్క పెట్టండి. అంతే, ఇంకేం కలపొద్దు.

ఏడు చుక్కలు 60 ట్యాగ్‌ల మీద కొలిచి పెట్టడం అయ్యే పని కాదు. మందం అట్ట మీద ఒక్కసారి కొలిచి, ఏడు చోట్లా దబ్బనంతో పొడిచి చిల్లుల అచ్చు చేసుకోండి. ట్యాగ్ మీద అచ్చు పెట్టి చిల్లుల్లోంచి పెన్సిల్ మొన ఆనిస్తే చుక్కలు పడిపోతాయి. ముగ్గు గొట్టంతో వేసే ముగ్గుకి ఉండే వరుస దీనికీ వస్తుంది, అయినా రేకులు చేత్తో గీస్తాం కాబట్టి ఏ రెండు ట్యాగ్‌లూ ఒకేలా ఉండవు.

తెల్ల జెల్ పెన్ను మధ్యలో ఆగి ఆగి పడుతుంది. అప్పుడు ట్యాగ్ మీద గట్టిగా రుద్దొద్దు, రఫ్ కాగితం మీద నాలుగు సున్నాలు చుట్టి మళ్లీ రండి. మొదటి గీత ఆరాక దాని మీదే రెండోసారి గీస్తే తెలుపు దిట్టంగా వస్తుంది.

గుడ్డ ముక్క ట్యాగ్

జాకెట్లు కుట్టగా మిగిలిన పేలికలు టైలర్ దగ్గర సంచులకొద్దీ ఉంటాయి. ట్యాగ్‌కి బాగా కుదిరేది కృష్ణా జిల్లా పెడనలో టేకు చెక్క అచ్చులతో అద్దే కలంకారీ నూలు గుడ్డ. అందులో చిన్న చిన్న పూలు, ఆకులు ఉంటాయి కాబట్టి 3 సెం.మీ. ముక్కలో కూడా పువ్వు పూర్తిగా కనిపిస్తుంది. శ్రీకాళహస్తి కలంకారీలో కలంతో గీసిన పెద్ద బొమ్మలుంటాయి, చిన్న ముక్క కోస్తే ఏ చెయ్యో ఏ కిరీటమో మాత్రమే మిగులుతుంది. పైగా అవి దేవుళ్ల బొమ్మలు కావచ్చు, కోయాలనిపించదు. పోచంపల్లి గుడ్డ కూడా బాగుంటుంది గానీ దాని డిజైన్ నూలులోనే ఉంటుంది కాబట్టి, అంచు దారాలు ఊడితే డిజైన్ కూడా ఊడుతుంది.

దారాలు ఊడకుండా చిట్కా ఉంది. గుడ్డ వెనకవైపు కోయబోయే గీత వెంట వేలితో ఫెవికాల్ పల్చగా పూసి, పూర్తిగా ఆరాక ఆ గీత మీదే కత్తెర వేయండి. అంచు కాగితంలా తెగుతుంది. తర్వాత ట్యాగ్ కింది భాగంలో ఫెవికాల్ రాసి అతికించాలి. జిగురు గుడ్డకి కాకుండా అట్టకి రాయండి, అదీ పాత ఏటీఎం కార్డు అంచుతో గీకి పల్చటి పొర చేయండి. ఎక్కువైతే గుడ్డ పైకి ఊరి, ఆరాక గట్టి మచ్చలా మెరుస్తుంది. ఫెవికాల్‌లో నీళ్లుంటాయి కాబట్టి అట్ట వంకరపోతుంది. అతికించిన పది నిమిషాలకి పైనా కిందా జిరాక్స్ కాగితం పెట్టి, బరువైన పుస్తకాల కింద ఒక రాత్రి ఉంచితే సాఫీ అవుతుంది. పేరు మీద బరువు పడుతుంది కాబట్టి ఈ ట్యాగ్‌కి మాత్రం గుడ్డ ముందు, పేరు తర్వాత. కానీ పేరు చోటు కొలిచి ఉంచుకున్నాకే గుడ్డ కోయండి.

గుడ్డ వద్దనుకుంటే కాగితంపూలు (బోగన్‌విల్లా) అతికించండి. పాత టెలిఫోన్ డైరెక్టరీ లాంటి లావు పుస్తకంలో జిరాక్స్ కాగితాల మధ్య వారం పది రోజులు నొక్కి ఉంచితే, ఆ రేకులు పల్చగా ఉంటాయి కాబట్టి చక్కగా ఆరిపోతాయి. మొదటి రెండు రోజులు కాగితం మార్చాలి, లేదంటే బూజు పడుతుంది.

కుందన్లు, చమ్కీలు, అద్దాలు మాత్రం ఒక్కో ట్యాగ్‌కి మూడు దాటనివ్వొద్దు. స్వీట్ డబ్బాకీ, పచ్చడి సీసాకీ కట్టే ట్యాగ్ మీద మెరుపు పొడి అసలే వద్దు, అది రాలి తినే వస్తువులో పడుతుంది. సున్నుండలు, పూతరేకుల పొట్లాల మీద ట్యాగ్ నేరుగా అతికించకండి. నెయ్యి ఊరి అట్ట మీద నూనె మచ్చలు పడతాయి. దారంతో వేలాడదీయండి.

దారం, ముడి

ఒక్కో ట్యాగ్‌కి 25 సెం.మీ. దారం చాలు. 60కి 15 మీటర్లు, చేయి జారే ముక్కలతో కలిపి 20 మీటర్లు తెచ్చుకోండి. కిరాణా కొట్లో పొట్లాలు కట్టే పురికొస ఇటుక రంగు ముగ్గు ట్యాగ్‌కి దివ్యంగా నప్పుతుంది. బంగారు డిజైన్ ఉన్న శుభలేఖ ట్యాగ్‌కి జరీ దారమో ఎర్ర ఉన్నో బాగుంటుంది. సన్నటి నైలాన్ దారం ముడి నిలవదు, జారిపోతుంది.

పురికొస కొన విచ్చుకుపోతుంది. కొనని ఫెవికాల్‌లో ముంచి వేళ్లతో మెలిపెట్టి ఆరనిస్తే సూదిలా గట్టిపడుతుంది. దారాన్ని రెండుగా మడిచి, మడత వైపుని రంధ్రంలోంచి వెనక్కి దూర్చి, ఆ ఉచ్చులోంచి రెండు కొసలూ లాగి బిగించండి. ఈ ఉచ్చు ముడి దగ్గర ట్యాగ్ అంత తేలిగ్గా తిరగబడదు, పేరు ముందుకే ఉంటుంది. కొసలు రెండూ సంచి పిడికి కట్టి పువ్వు ముడి వేయండి. పీటముడి వేస్తే ట్యాగ్ దాచుకోవాలనుకున్నవాళ్లు చించాల్సొస్తుంది.

ఫంక్షన్ రోజు

సంచులు కట్టాక జాబితా వరసలోనే బుట్టల్లో పెట్టండి, ఒక బుట్టలో అమ్మవైపు వాళ్లవి, ఇంకో దానిలో నాన్నవైపు వాళ్లవి, స్నేహితులవి వేరే. ట్యాగ్‌లన్నీ ఒకే వైపుకి తిరిగి ఉండాలి. ఇచ్చేవాళ్లకి జాబితా కాపీ ఒకటి ఇస్తే, వచ్చినవాళ్లని నిలబెట్టి వెతకాల్సిన టెన్షన్ ఉండదు.

పిలవకపోయినా ఆప్యాయంగా వచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. పిలిచినవాళ్లతో వాళ్ల తోడికోడలో, మనవరాలో వస్తారు. వాళ్లకోసం అలంకారమంతా పూర్తయి పేరు మాత్రం రాయని లేత రంగు ట్యాగ్‌లు కట్టిన సంచులు ఐదారు వెనక ఉంచండి, పక్కనే త్వరగా ఆరే మామూలు బాల్ పెన్ను. మా బారసాలకి మా అక్క ఇంటి కింద వాటాలో కొత్తగా దిగినావిడ వచ్చారు. "అమ్మా, మీ పేరు?" అని అడిగి, నిలబడే రాసి ఇచ్చాను.